బెల్లం బండిలో పొదిగే కోడి

ఇల్లు మారేటప్పుడు సామాను పగలకుండా, ఒలకకుండా ఎలా తీసుకెళ్లాలో నాకు సలహా చెప్పినవాళ్లందరినీ ఒక వరసలో నిలబెడితే, ఆ వరస అనకాపల్లి బెల్లం మార్కెట్టు గేటు దగ్గర మొదలై ఎలమంచిలి దాకా పోయి, అక్కడ చోటు చాలక హైవే మీదుగా మళ్లీ వెనక్కి తిరుగుతుంది. గాజు గ్లాసులు పాత చీరల్లో చుట్టమన్నారు. గ్యాస్ సిలిండరు నిలువుగా ఉంచమన్నారు. టీవీని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నారు. బీరువాని పడుకోబెట్టే తీసుకెళ్లాలని ఒకాయన, నిలబెట్టే తీసుకెళ్లాలని ఇంకొకాయన మా వీధి మొగలో చొక్కాలు పట్టుకున్నారు. అది నా బీరువా అన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. ఇంతమంది మేధావుల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "మీ సామానులో పొదిగే కోడి ఏమైనా ఉందా?" అని అడిగిన పాపాన పోలేదు. ఆ కోపం నాకు ఇన్నేళ్లయినా తగ్గలేదు. తగ్గిపోతే రాయడానికి ఏమీ మిగలదని ఇప్పుడే కూర్చున్నాను.

అవి సెల్‌ఫోన్లు కొత్తగా చొక్కా జేబుల్లోకి వచ్చిన రోజులు. మేం అనకాపల్లి గవరపాలెంలో ఒక పోర్షన్లో అద్దెకుండేవాళ్లం. పోర్షనంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. పొద్దున్నే ముందుగదిలో నిలబడి నేను ఒళ్లు విరుచుకుంటే ఒక చెయ్యి వంటింట్లో పోపుల డబ్బాకి తగిలేది. ఇంటాయన మేడ మీద ఉండేవాడు. మంచివాడే, నిద్రపోతున్నంతసేపు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం కింద మా ఇంట్లో బిందె నిండే చప్పుడుని బట్టి అది ఇత్తడిదో స్టీలుదో చెప్పగలిగేవాడు. నేనొక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తాని. కళ్లజోడు పెట్టుకుంటాను కాబట్టి ఆయన నన్ను మేస్టారూ అని పిలిచేవాడు. నేను బడిలో పాఠం చెప్పలేదని ఎన్నిసార్లు చెప్పినా, కళ్లజోడు తియ్యమన్నాడే గాని పిలుపు మార్చలేదు.

డిసెంబరులో ఒక పొద్దున్న ఆయన మెట్లు దిగి వచ్చి, మా గుమ్మంలో నిలబడి, మా ఇంటి గోడల్ని కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"మేస్టారూ, మా మేనకోడలూ అల్లుడూ ఈ పోర్షన్లోకి దిగుతన్నారు. ధనుర్మాసం వచ్చీకముందే పాలు పొంగించాలి. మీరు శనివారం పదిలోపు ఖాళీ సేసీండి. పది దాటితే వర్జ్యం."

ఆ వర్జ్యమేదో నేను పెంచి పోషిస్తున్నట్టు చెప్పాడు. మాది చర్చివాళ్లు పంచిన క్యాలెండరు. అందులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి తప్ప వర్జ్యాలుండవు. అయినా ఆయన నమ్మకం ఆయనది, నేను కాదనను. నా కోపమల్లా, ఆయన పంచాంగం పేజీ తిప్పితే నా మంచం కదలాలి ఎందుకని. ఒక వారం ఆగమన్నాను. ఆగలేనన్నాడు. ఎందుకు ఆగమంటున్నారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే, మా అత్తగారి కోడి పొదుగుతోందని చెప్పాలి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నాలుక నమిలాను. చివరికి చెప్పాను కూడా. ఆయన నా మొహంలోకి ఒక నిమిషం చూసి, "కోడి కోసరం మా పిల్ల కాపరం ఆపుకోమంటారా మేస్టారూ?" అన్నాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. అంత న్యాయంగా మాట్లాడేవాళ్లని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది కోటవురట్ల దగ్గర పల్లె. కంటి ఆపరేషను కోసం మా ఇంటికొచ్చి, కన్ను బాగయ్యేదాకా ఉండిపోయారు. వచ్చేటప్పుడు ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో గంప. గంపలో ఒక ఎర్ర కోడి. బస్సులో ఆ కోడి పక్కన కూర్చున్నవాడు అనకాపల్లి వచ్చేసరికి ఆవిడకి బంధువైపోయాడు. ఆ కోడికి ఆవిడ దగ్గరున్న గౌరవంలో పదో వంతు నాకుంటే నేను ఇప్పటికి ఎమ్మెల్యేగా నిలబడి ఉండేవాణ్ణి.

మా అత్తగారు నాతో మాట్లాడరు. గొడవేం లేదు, మర్యాద. అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదని వాళ్ల అమ్మ చెప్పిందట, వాళ్ల అమ్మకి ఆవిడ అమ్మ. కాబట్టి నాకు చెప్పాల్సినవన్నీ మా ఆవిడకి చెబుతారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని రెండడుగుల దూరంలో కూర్చుని ఉండగానే, "మీ ఆయనకి సెప్పు, కాఫీ సల్లారిపోతంది" అంటారు. మా ఆవిడ "ఏమండీ, కాఫీ చల్లారిపోతోందట" అంటుంది. నేను తాగుతాను. మా ఆవిడ ఇంట్లో లేకపోతే గోడకి చెబుతారు. నేను తువ్వాలు మర్చిపోయి స్నానానికి వెళ్తే, "మీ ఆయన తువ్వాలు మర్సిపోనారు" అని గోడతో అంటారు. ఆ లెక్కన నేను ఆ పోర్షన్లో మా ఆవిడకే కాదు, నాలుగు గోడలకీ మొగుణ్ణి.

ఇక కోడి సంగతి. ఆ ఏడు వాళ్ల పల్లెలో కోళ్లకి తెగులొచ్చి పెరళ్లన్నీ ఖాళీ అయ్యాయి. అత్తగారి కోళ్లన్నీ పోయాయి, పుంజు కూడా. ఈ ఎర్ర పెట్ట ఒక్కటే మిగిలింది. వాళ్ల అమ్మ ఆవిడ పెళ్లిలో ఇచ్చిన కోడికి ఇది మునిమునిమునిమనవరాలట. ఎన్ని మునులో నాకు సరిగ్గా తెలియదు గాని, మా అత్తగారు దాని వంశం చెప్పడం మొదలుపెడితే ఆదికాండంలో వంశావళి చదివినట్టే ఉండేది. పుంజు బతికుండగా తను పెట్టిన గుడ్ల మీద ఇది మా మంచం కింద పొదిగి కూర్చుంది. ఆ గుడ్లలో పిల్లలు వస్తేనే ఆ జాతి ఉంటుంది. రాకపోతే, ఇక పుంజూ లేదు, గుడ్లూ లేవు. ఇదంతా అత్తగారు మా ఆవిడకి చెప్పారు, అంటే నాకు చెప్పారన్నమాట. "ఇయ్యి పోతే మా అమ్మ పెట్టిన సేతి గురుతు పోయినట్టే" అని కూడా అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఆపరేషను చేసిన కన్ను అలా తుడవకూడదని మా ఆవిడ గోల పెట్టింది.

గంపలో అడుగున బూడిద, దాని మీద ఊక, ఊక మీద గుడ్లు. పక్కన తుప్పు పట్టిన కొడవలి ముక్క, రెండు బొగ్గులు, నాలుగు ఎండుమిరపకాయలు. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఇనుము కాపాడుతుందట. డిసెంబరులో ఉరుములేమిటని నేను గోడతో అన్నాను. గోడ జవాబివ్వలేదు. మా ఆవిడ మాత్రం, "మీకు తెలియనివి ఊరుకోండి" అంది. కోడి నా వైపు తాసీల్దారు అర్జీదారుణ్ణి చూసినట్టు చూసింది.

రైల్వే గేటు అవతల ఒక ఇల్లు దొరికింది. ఉన్నపళంగా వెతుక్కున్నవాడికి దొరికే ఇల్లు ఎలా ఉండాలో అలాగే ఉంది. అయినా పాత పోర్షనుతో పోలిస్తే అది జమిందారీ దివాణమే, ఒళ్లు విరుచుకుంటే చెయ్యి దేనికీ తగల్లేదు. ఇక బండి. మా బావమరిది బుచ్చయ్యపేటలో ఉంటాడు, సొంత వ్యాను. సీజన్లో బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి తోలుతాడు. ఇంట్లో బండుండగా బయటి బండెందుకు బావా అన్నాడు. ఆ మాటకి నేను సంతోషించాను చూశారా, అదీ నా తెలివి.

అత్తగారు మా ఆవిడ ద్వారా ఒకే ఒక షరతు పంపించారు. పొదిగే కోడిని తెల్లారకముందు చీకట్లో కదపాలి. చీకట్లో దానికి ఏమీ తెలియదు, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. పట్టపగలు కదిపితే బెదిరి లేచిపోతుంది, మళ్లీ ఆ గుడ్ల మీద కూర్చోదు. ఎంత మంచి సలహానో చూడండి. నాకు వచ్చిన సలహాలన్నిటిలో పనికొచ్చేది ఇదొక్కటే. ఇది జరిగే దారే లేదు. ఎందుకంటే తెల్లవారుజామున మా బావమరిది బండిలో బెల్లం ఉంటుంది. అది మార్కెట్టులో దించి రావాలంటే ఎనిమిదవుతుంది. పదికి ఇంటాయన వర్జ్యం. ఆయన పంచాంగానికీ, బెల్లం మార్కెట్టు వేలంపాటకీ మధ్య ఇరుక్కుని మా కోడి పగటిపూట ప్రయాణం చెయ్యాల్సొచ్చింది.

ఎనిమిది అన్నవాడు తొమ్మిదికి వచ్చాడు. వ్యాను వెనక భాగం చూశాను. చెక్కల మీద బెల్లం కారి, ఎండి, మళ్లీ కారి, ఒక పొరగా పేరుకుపోయి ఉంది. చెప్పుకాలు మోపితే చెప్పు అక్కడే ఉండిపోయి కాలొక్కటే పైకి వచ్చింది. కడగలేదేంరా అన్నాను. "కడిగితే మల్లీ రేపు బెల్లమే గదా బావా" అన్నాడు. ఇతన్ని కన్నవాళ్ల మీద నాకు గౌరవం ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఇల్లు మారాలనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మీ బావమరిది ఎంత మంచివాడైనా సరే, బెల్లం బండిలో సామాను ఎక్కించే ముందు రెండు బిందెల వేణ్ణీళ్లు పోసి చీపురుతో గీకి కడగండి. ఆయన వద్దంటే ముందు ఆయన్ని కడగండి.

మా బావమరిదికి ప్రపంచంలో ఉన్న వస్తువులన్నీ బెల్లం దిమ్మలే. మంచాన్ని దిమ్మలాగే తాడుతో బిగించాడు. బియ్యం బస్తాని దిమ్మలాగే తన్ని సర్దాడు. మా పెళ్లి ఫోటోని కూడా కొబ్బరాకు వేసి కట్టబోయాడు. కోడి గంప దగ్గరికి వచ్చేసరికి, గంప కన్నాల్లోంచి బూడిద రాలుతోందని చూశాడు. "ఇది టీవీ మీద పడిపోద్ది బావా" అని, మేం చూసే లోపు, కోడిని ఒక చేత్తో పైకెత్తి, గుడ్లు పక్కన పెట్టి, బూడిద అంతా కాలవలో దులిపేసి, దాని బదులు మడత పెట్టిన దినపత్రిక వేసి, ఊక, గుడ్లు, కోడి మళ్లీ యథాస్థానంలో పెట్టేశాడు. కొడవలి ముక్క మాత్రం భక్తిగా అలాగే ఉంచాడు. అత్తగారు అప్పుడు వంటింట్లో చివరి గిన్నె తుడుస్తున్నారు.

సరిగ్గా పదికి ఇంటాయనకి తాళాలిచ్చాను. ఆయన వాటిని తీసుకుని మొహం పక్కకి తిప్పుకుని, జాగ్రత్తగా వెళ్లండి మేస్టారూ అన్నాడు. ఆ జాగ్రత్త అనే మాటని అంత అజాగ్రత్తగా వాడినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ముందు సీట్లో మా ఆవిడ, అత్తగారు. వెనక బీరువాకీ బియ్యం బస్తాకీ మధ్య నేను, నా ఒళ్లో టీవీ. ఆ రోజుల్లో టీవీలంటే ఇప్పటిలా పలచటి అద్దాలు కావు, వెనక ఒక మేడ ఉండేది. ఆ మేడంతా నా కడుపులో గుచ్చుకుని ఉంది. నా పక్కన గోనె కప్పిన కోడి గంప. అత్తగారు క్యాబిన్ అద్దంలోంచి వెనక్కి తిరిగి గోనెనే చూస్తున్నారు. నేను బతికున్నానో లేదో ఎవరూ చూడటం లేదు.

రైల్వే గేటు పడింది. పడటమంటే, మా బండిని చూసే పడింది. ఏ రైలూ కనుచూపు మేరలో లేదు. సైకిళ్లు, రిక్షాలు, ఆటోలు, చెరుకు బళ్లు వచ్చి మా వెనక నిలబడ్డాయి. ఉత్తరపు గాలి చల్లగా కొడుతోంది. అప్పుడు నా చీలమండ దగ్గర ఏదో చురుక్కుమంది. చూద్దామంటే టీవీ. వంగలేను, లేవలేను. చురుకు పిక్క దాకా వచ్చింది. ఎర్ర చీమలు. బండి చెక్కల కింద నుంచి, ఏళ్ల తరబడి బెల్లం తిని బలిసిన చీమలు, ఒక్కొక్కటి ఆవగింజ కాదు, శనగగింజంత, బారులు తీరి వస్తున్నాయి. సగం నా మీదికి, సగం గంపలోకి. బూడిద ఉండి ఉంటే గంప దరిదాపులకి వచ్చేవి కావు. గోనె కింద కోడి ముందు మెల్లగా గొణిగింది. తరవాత గట్టిగా గొణిగింది. ఆ గొణుగుడులో నాకు తెలిసిన తిట్లన్నీ ఉన్నాయి.

నేను బావమరిదిని కేక వేశాను. చీమలురా అన్నాను. అతను కిటికీలోంచి తల బయట పెట్టి, "బెల్లం అనుకుంటన్నాయి బావా, కాదని తెలిత్తే అయ్యే ఎల్లిపోతాయి" అన్నాడు. చీమలకి ఆ సంగతి తెలియడానికి పట్టే సమయంలో నేను అస్థిపంజరాన్ని అయిపోతానని అన్నాను. గేటు ఎత్తారు. రైలు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, నా కళ్లలో నీళ్లున్నాయి.

కొత్త ఇంటి ముందు బండి ఆగింది. మా ఆవిడ తరపు చుట్టాలు, చర్చివాళ్లు అప్పటికే ఇంటి ముందు నిలబడి ఉన్నారు. నేను టీవీని ఎవరి చేతుల్లోనో పడేసి ముందు గోనె తీశాను. తియ్యడం నా చెయ్యి తీసిందో, కోడి తలతో నెట్టి తీసిందో చెప్పలేను. అది నా భుజం మీద కాలు మోపి, బీరువా మీదికి ఎగిరి, అక్కణ్ణించి పక్కింటి రేకుల షెడ్డు మీద వాలి, రెక్కలు దులిపి, అక్కడే కూర్చుంది. గంపలో గుడ్ల మీద చీమలు.

అత్తగారు బండి దిగారు. గంపలో దినపత్రిక చూశారు, కొడుకు మొహం చూశారు, అంతే. అంత పొడుగు మనిషి బండి వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. ఆవిడ గుడ్లు ఒక్కొక్కటే తీసి, చీమలు ఊది, కొంగుతో తుడిచి, చీర ఒడి కట్టి అందులో పెట్టుకున్నారు. పైన పాత శాలువ చుట్టుకున్నారు. కోడి ఒంటి వేడి లేదు కాబట్టి మనిషి ఒంటి వేడి. గుడ్లు చల్లారితే లోపల పిల్లలు చల్లారతాయి, అది నాకు కూడా అర్థమైంది.

ఇప్పుడు చెయ్యవలసింది చిన్న పని. కొత్త ఇంట్లో ఒక చీకటి గదిలో గంప సర్ది, కోడిని పట్టి, గుడ్ల మీద కూర్చోబెట్టి, పైన బుట్ట బోర్లించాలి. కాని కుదరదు. మాలో కొత్త ఇంటికి ముందు ప్రార్థన, తరవాతే సామాను. ప్రార్థన కాకుండా గరిటె కూడా గడప దాటకూడదని ఆ వారమంతా మా ఆవిడకి నూరిపోసింది మా అత్తగారే. ప్రార్థన చెయ్యవలసింది ఎలమంచిలి నుంచి రావలసిన పాస్టరు గారు. మా పెళ్లి చేసింది ఆయనే, వేరే ఆయన వద్దన్నది కూడా అత్తగారే. క్రిస్మస్ దగ్గరపడిందంటే ఆయన కాలు ఒక చోట నిలవదు. బావమరిది సెల్ నుంచి ఆయనకి ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. పాసింజరు రైలు తప్పిపోయి బస్సెక్కారని ఎవరో అన్నారు.

బయటికి గెంటే ముహూర్తం ఇంటాయనది, లోపలికి పిలిచే ప్రార్థన మాది, ఈ రెంటికీ మధ్య నడివీధిలో మా బీరువా, మా మంచాలు, మా పోపుల డబ్బాలు. కొత్త వీధివాళ్లంతా వచ్చి మా సామానుని ఒక్కొక్కటే పరీక్షించి చూసి వెళ్లారు. మా చాప చిరుగు ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అత్తగారు తిరగేసిన బకెట్టు మీద, ఒడి పట్టుకుని, పైన కోడిని చూస్తూ కూర్చున్నారు. నేను పిక్కలు గోక్కుంటూ, ఇంటాయన్నీ, బావమరిదినీ, బెల్లాన్నీ, రైల్వేనీ వరసపెట్టి మనసులో తిట్టుకుంటూ తిరిగాను. పాస్టరు గారి దగ్గరికి వచ్చేసరికి భయం వేసి ఆగాను.

ఆయన వచ్చారు. పాపం, చెమటలు కక్కుకుంటూ బస్టాండు నుంచి నడిచే వచ్చారు. అందరూ ఖాళీ హాల్లోకి నడిచారు. అత్తగారు ఒడి పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి బావమరిది మెల్లగా, "అమ్మా, గుడ్లు కూడా సామానే గదా" అన్నాడు. చూశారా, తప్పు చేసినవాడికి ఎంత నియమం. ఆవిడ ఆగారు. ఆలోచించారు.

"ఒడిలో ఉన్నది సామానేట్రా?" అని లోపలికి వెళ్లిపోయారు.

అందరం మోకరించాం. నేను కావాలనే వెనక వరసలో, కిటికీ దగ్గర మోకరించాను. నా పక్కన ఒక మనిషి ఖాళీ వదిలి అత్తగారు. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మంచి కంఠం, నిజమైన భక్తి. నేను ఆయన్ని తప్పుపట్టను. కాని ఆలస్యంగా వచ్చానన్న బాధతో ఆయన ఆ ఆలస్యాన్నంతా ప్రార్థనలో చెల్లించేద్దామనుకున్నారు. పునాది కోసం ప్రార్థించారు. నాలుగు గోడల కోసం విడివిడిగా. తలుపులు, గడియలు, కుళాయి, ఆ కుళాయిలో రావలసిన నీళ్లు. ఇంటి యజమాని, ఆయన సంతానం. వీధి, వార్డు, మున్సిపాలిటీ. చెరుకు పండించే రైతులు, బెల్లం వండేవాళ్లు, బెల్లం తోలేవాళ్లు. అక్కడ మా బావమరిది గట్టిగా స్తోత్రం అన్నాడు. ఆయన రాష్ట్రం దాటి దేశంలోకి వెళ్తున్నారు. నా మోకాళ్లు గచ్చులోకి దిగి అవతల వైపు నీళ్లు పడే లోతుకి వెళ్లాయి.

ప్రార్థనలో కళ్లు తెరవకూడదు. నేను తెరిచాను. అత్తగారు కూడా తెరిచే ఉన్నారు. ఆవిడ కిటికీలోంచి రేకుల షెడ్డు వైపు చూస్తున్నారు. ఆపరేషను చేసిన డాక్టరు ఎవరో గాని పని బాగా చేశాడు, అంత దూరం నుంచి ఆవిడ చూసినదాన్ని నేను కళ్లజోడు సర్దుకున్నాక గాని చూడలేకపోయాను. రేకుల మీద ఒక నల్ల పిల్లి. రేకులకి పొట్ట ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తోంది. కోడి అటు తిరిగి కూర్చుని ఈకలు సర్దుకుంటోంది. పాస్టరు గారు అప్పుడే విదేశాల కోసం మొదలుపెట్టారు.

"బాబూ."

నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు నా చెవిలో నేరుగా ఎప్పుడూ పడలేదు. మా ఆవిణ్ణి పిలిచారేమో అని చూశాను. మా ఆవిడ ముందు వరసలో ఉంది. గోడ కూడా దూరంగానే ఉంది. అత్తగారు నా వైపే చూస్తున్నారు.

"బాబూ, ఆమెన్ అనీండి."

నేను నోరు తెరిచి ఆవిణ్ణి చూశాను. ఆరాధనలో ఎవరైనా దగ్గితే తల తిప్పి చూసే మనిషి. ఆవిడ ఒడి రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

పాస్టరు గారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆ సందులో నేను అన్నాను. పొద్దుటి నుంచీ నాలో ఉన్న కోపమంతా, ఇంటాయన వర్జ్యం, బెల్లం, చీమలు, గేటు, అన్నీ కలిపి అన్నాను.

"ఆమెన్."

కడుపులు కాలుతున్న జనం. వచ్చినవాళ్ల కోసం పక్క పెరట్లో వండుతున్న బిరియానీ వాసన వస్తోంది. ఒకరు ఆమెన్ అంటే ఇంకొకరు ఆగరు. ముప్ఫైమంది ఒక్క గొంతుతో అన్న ఆమెన్‌కి హాలు అదిరింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, రేకులు గలగలలాడాయి, ఆ పిల్లి ఉన్నచోటి నుంచి నిలువునా లేచి అవతలి పెరట్లో పడింది. ఉరుములకని ఆవిడ దాచిన ఇనుప ముక్క దేనికో నాకప్పుడు అర్థమైంది. కోడి కూడా బెదిరి ఎగిరి, ఇంకెక్కడా చోటు లేనట్టు, వీధిలో మా బీరువా మీద వాలింది. మా బావమరిది, నేను జీవితంలో అతన్ని మెచ్చుకున్న ఒకే ఒక్క సందర్భం అది, గోనె పట్టుకుని పరిగెత్తి, వాన పడినప్పుడు బెల్లం మీద టార్పాలిన్ విసిరినట్టు దాని మీద విసిరాడు.

ఆ కొత్త ఇంట్లోకి మొట్టమొదట వెళ్లిన సామాను ఆ గోనెలో ఉన్న కోడి. కిటికీ లేని సామాను గదిలో గంప పెట్టి, పక్కింటావిడ కట్టెల పొయ్యి నుంచి ఇచ్చిన బూడిద చల్లారాక కింద పోసి, ఊక వేసి, అత్తగారు ఒడిలోంచి గుడ్లు ఒక్కొక్కటే సర్దారు. చీకట్లో కోడిని పైన కూర్చోబెట్టి బుట్ట బోర్లించి, తలుపు వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నారు. చాలాసేపు లోపల ఏ చప్పుడూ లేదు. తరవాత, గుడ్లని ముక్కుతో కిందికి జరుపుకునే చిన్న చప్పుడు. ఆవిడ కళ్లు మూసుకుని పెదాలు కదిపారు. మధ్యలో తెగిన ప్రార్థన అక్కడ పూర్తయిందనుకుంటాను.

హాల్లో మాత్రం పూర్తి కాలేదు. పాస్టరు గారు ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. ఆశీర్వాదం కాలేదే, ఆమెన్ ఎవరన్నారు అని అడిగారు. ముప్ఫైమందీ నా వైపు చూశారు. అత్తగారు చెప్పారు కాబట్టి అన్నానని చెప్పొచ్చు. చెప్పాను కూడా, ఆ రాత్రి మా ఆవిడతో. మా ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మా అమ్మ మీతో మాట్లాడిందా?" అంది. పన్నెండు మంది సాక్షులున్నా నెగ్గని కేసు అది. నాతో మాట్లాడని మనిషి నాకు చెప్పిందంటే నమ్మేవాడు అనకాపల్లిలో లేడు, కోటవురట్లలో అసలే లేడు. ఆ రోజు నుంచి మా చుట్టాల ఇళ్లలో ఏ ప్రార్థన జరిగినా, మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరు నా వైపు చూసి, కొంచెం ఓపిక పట్టు బావా అంటారు. పాస్టరు గారు పెద్దమనసున్నవాళ్లు, బిరియానీ తినేటప్పుడే క్షమించేశారు. చుట్టాలకి అంత తొందరేం లేదు.

అసలు మంట ఇంకొకటుంది. ధనుర్మాసం గడిచింది, ఆ తరవాతి నెలా గడిచింది. నేను ఆఫీసు నుంచి వస్తూ గవరపాలెం మీదుగా వెళ్తే మా పాత పోర్షను తాళం వేసి, గోడకి సుద్దతో అద్దెకివ్వబడును అని రాసి కనిపించింది. మేనకోడలు వేరే వీధిలో ఇంకా మంచి ఇల్లు చూసుకుందట. ఇంటాయన మేడ మీద నుంచి, బాగున్నారా మేస్టారూ అన్నాడు. నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

గుడ్లలో కొన్ని మురిగాయి. అత్తగారు ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి చూసి, బరువుగా పక్కన పెట్టారు. మిగిలినవి చిట్లాయి. పిల్లలు బయటికొచ్చిన రోజు ఆవిడ గది గుమ్మంలోంచి కదల్లేదు. నేను వెనక నిలబడి, ఆ రోజు నాతో మాట్లాడారు కదా, మా ఆవిడతో ఆ ముక్క చెప్పండి అని అడిగాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. వంటింట్లో ఉన్న కూతురికి వినపడేలా, "మీ ఆయనకి సెప్పు, పిల్లల మీద కాలెట్టకుండా సూసి నడమని" అన్నారు.

పిల్లలు ఎదిగి, ఒకదానికి నెత్తి మీద ఎర్రగా తురాయి మొలిచింది. పుంజు. జాతి నిలిచింది. ఆ వారమే ఆవిడ ఊరికి ప్రయాణమయ్యారు, గంప సర్దుకున్నారు, అడుగున బూడిద పోసుకున్నారు. బావమరిది వ్యాను తెస్తానంటే వద్దని బస్సుకే బయల్దేరారు. మా ఆవిడ బజారుకి వెళ్లి ఇంకా రాలేదు. నేను కుర్చీలో పేపరు చదువుతున్నాను. అత్తగారు గుమ్మం దగ్గర ఆగి, కొత్త ఇంటి గోడ వైపు తిరిగారు. ఆ గోడకీ నేను మొగుణ్ణయ్యానని నాకప్పుడే తెలిసింది.

"మీ ఆయనకి సెప్పు" అన్నారు గోడతో. "ఆ పుంజుని ఈడ వదిలీసి ఎల్తన్నాను. పెట్టలకి కావాల్సినప్పుడు పట్టికెల్తాను. అది ఆయనదే. కొయ్యకూడదు."